బేస్ గిటార్‌కు ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ ఎంచుకోవడం ఎలా?

గుంటూరులో ఆదివారం ఆరాధనకు వాయించినా, బెజవాడలో పెళ్లి రిసెప్షన్‌కు వాయించినా బేస్ గిటార్‌కు చెమట బాధ తప్పదు. మామూలు రౌండ్‌వౌండ్ స్ట్రింగ్ మీద చుట్టుకూ చుట్టుకూ మధ్య సందులుంటాయి. చెమటా మురికీ వాటిలో చేరితే స్ట్రింగ్ త్వరగా మూగబోతుంది. ఫ్లాట్‌వౌండ్‌కు పైన చుట్టేది రిబ్బన్‌లాంటి చదును తీగ. గోరు పెట్టి పొడవునా గీసి చూడండి: రౌండ్‌వౌండ్ జర్రుమంటుంది, ఫ్లాట్ మీద గోరు చప్పుడు లేకుండా జారిపోతుంది. సందులు లేవు కాబట్టి ఒక సెట్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అన్నాళ్లు ఉండేది కాబట్టే ఎంపికలో తొందర పడకూడదు.

ముందు మీకు కావలసిన శబ్దం తేల్చుకోండి

1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చిన రోజుల్లో ఉన్నవి ఫ్లాట్లే. రౌండ్‌వౌండ్లు 1960లలో వచ్చాయి. మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ లా బెల్లా కంపెనీ లావుపాటి ఫ్లాట్లు వాడేవారు, వాటిని మార్చడం చాలా అరుదు. గుండ్రంగా, నిండుగా మోగి త్వరగా తగ్గే స్వరం కావాలంటే, వేళ్ల గీతల చప్పుడు వినపడకూడదంటే ఇవే సరైనవి. స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ను కొట్టి వాయించే పద్ధతి) ఎక్కువగా వాయించేవాళ్లకు మాత్రం నేను చెప్పను, ఆ మెరుపు ఇందులో రాదు. ఫ్రెట్‌లెస్ బేస్ (నెక్ మీద ఫ్రెట్లు అనే అడ్డ లోహపు కడ్డీలు లేనిది) ఉంటే ఆలోచించే పనే లేదు, ఫింగర్‌బోర్డు అరగకుండా కాపాడుతుంది.

గేజ్ కాదు, టెన్షన్ చూడండి

గేజ్ అంటే స్ట్రింగ్ మందం, టెన్షన్ అంటే శ్రుతి చేశాక దానిలో ఉండే బిగువు. చాలామంది పొరపడేది ఇక్కడే. పాత సెట్ 45-105 (సన్న స్ట్రింగ్ నుంచి లావు స్ట్రింగ్ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) కాబట్టి ఫ్లాట్లూ అదే నంబరు తెస్తారు, తీరా వేశాక చెయ్యి నొప్పి పుడుతుంది. ఒకే మందం ఉన్నా ఫ్లాట్‌లో సందులుండవు, లోహం ఎక్కువ, బరువు ఎక్కువ. అదే శ్రుతికి తేవాలంటే ఎక్కువ బిగించాలి. లోపలి కోర్ తీగ మందాన్ని బట్టి కూడా స్ట్రింగ్ ఎంత బిర్రుగా అనిపిస్తుందో మారుతుంది. థోమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ 43-100 చేతికి మెత్తగా ఉంటాయి. లా బెల్లా 52-110 బాగా బిగువు. డి'అడారియో క్రోమ్స్ 45-100లో ఫ్లాట్లకు మామూలుగా ఉండే దానికంటే మెరుపు ఎక్కువ. రౌండ్‌వౌండ్ నుంచి మొదటిసారి మారేవాళ్లు తక్కువ టెన్షన్ సెట్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. తయారీదారు ఇచ్చే టెన్షన్ పట్టిక ఉంటే, మీ ప్రస్తుత సెట్ అంకెలతో పోల్చి చూడండి.

టేపు తీసుకుని కొలవండి

స్కేల్ అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా స్ట్రింగ్ మోగే పొడవు. మామూలు బేస్ స్కేల్ 34 అంగుళాలు, షార్ట్ స్కేల్‌ది సుమారు 30. ప్యాకెట్ మీది మాట చూసి కొనేయకండి. బ్రిడ్జ్‌లో బాల్ ఎండ్ (స్ట్రింగ్ చివరి గుండు) ఆనే చోటి నుంచి నట్ (నెక్ పైకొసన స్ట్రింగ్స్ ఆనే గాళ్ల పట్టీ) దాకా ఒక కొలత, అక్కడి నుంచి ఇ స్ట్రింగ్ (అన్నిటికన్నా లావుది) పెగ్ (శ్రుతి చేసే మర) దాకా ఇంకో కొలత తీసుకోండి. స్ట్రింగ్ లావుపాటి చుట్టు నట్ దాటాలి, కానీ పెగ్ దాకా పోకూడదు. లావు చుట్టును పెగ్‌కు మెలితిప్పితే చదును తీగ విడిపోవచ్చు. స్ట్రింగ్ వెనక నుంచి బాడీలోంచి వచ్చే మోడలైతే ఆ పొడవూ కలపండి. బ్రిడ్జ్ మీద నుంచే వేసే వీలుంటే అలాగే వేయడం మేలు, బాడీలోంచి వచ్చేటప్పుడు పడే మలుపు ఫ్లాట్లకు మంచిది కాదు.

షాపుల్లో ఎక్కువగా రౌండ్‌వౌండ్లే ఉంటాయి. ఏలూరు రోడ్డు దాకా వెళ్లే ముందు ఫోన్‌లో అడగండి. తెప్పిస్తామంటే బ్రాండ్‌తో పాటు గేజ్, స్కేల్ రెండూ రాసివ్వండి.

వేసేటప్పుడు

పాతవన్నీ ఒకేసారి తీసేయకుండా ఒక్కొక్కటే మార్చండి. కొసను పెగ్ దగ్గర లంబంగా వంచాకే కత్తిరించాలి, లేకపోతే లోపల చుట్టు వదులైపోతుంది. కొత్త స్ట్రింగ్ లావుగా ఉండి నట్ గాడిలో కూర్చోకపోతే బలవంతంగా నొక్కకండి, రిపేరు చేసేవాళ్లతో గాడి వెడల్పు చేయించండి.

శ్రుతి చేశాక నెక్ చూడండి. ఇ స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుంటే, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. బిగువు పెరిగి నెక్ వంగితే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి వంపు సరిచేసే కడ్డీని) పావు తిప్పు మాత్రమే తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ (స్ట్రింగ్‌ను నొక్కకుండా తాకి మోగించే స్వరం) నొక్కిన స్వరాన్నీ పోల్చండి. నొక్కిన స్వరం శ్రుతిలో ఎక్కువగా పలికితే సాడిల్‌ను (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే ముక్కను) వెనక్కి జరపండి.

కొత్త ఫ్లాట్లు మొదటి కొద్ది వారాలు కాస్త గలగలమంటాయి. అప్పుడే నచ్చలేదని తీసేయకండి, వాయించేకొద్దీ మెత్తబడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి, మే నెలలో ఎండలో నిలిపిన కారులో గిటార్ వదలకండి. వానలు మొదలయ్యాక గాలిలో తేమ మారుతుంది కాబట్టి నెక్ సందు మరోసారి చూసుకోండి.