రెండు ఊళ్ల మధ్య విమానం ఎంత దూరం, ఎంతసేపు: చేత్తో కట్టే లెక్క

పిల్లలకు ట్రిగొనామెట్రీ చెప్పి చెప్పి, విమానం ఎక్కే ముందు ప్రయాణ సమయం నేనే లెక్కగట్టి చూసుకోవడం అలవాటైంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి ఉంటే చాలు.

ముందు దూరం తేల్చాలి. గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలవకండి. భూమి గుండ్రం, మ్యాపు బల్లపరుపు. గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు దారం ఉత్తరానికి ఎగబాకి మళ్లీ కిందికి దిగుతుంది. దగ్గరి దారి అదే.

లెక్కలో అయితే రెండు ఊళ్ల అక్షాంశాల సైన్‌లు గుణించి పక్కన రాసుకోండి. తర్వాత వాటి కొసైన్‌లు రెండింటినీ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ గుణించండి. రెండూ కూడి కాస్ ఇన్వర్స్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹) నొక్కితే డిగ్రీలు వస్తాయి. ఒక్కో డిగ్రీకి 111.2 కి.మీ. దక్షిణ అక్షాంశానికి మైనస్ గుర్తు వేయాలి. ఒక ఊరు తూర్పు రేఖాంశం మీద, ఇంకొకటి పడమటి రేఖాంశం మీద ఉంటే తేడా అంటే రెండింటి మొత్తం. లండన్ 51.5, న్యూయార్క్ 40.6, రేఖాంశాల తేడా 73.3 వేస్తే 49.8 డిగ్రీలు, అంటే సుమారు 5,540 కి.మీ. జవాబు వింతగా వస్తే కాలిక్యులేటర్ డిగ్రీలకు బదులు రేడియన్లలో (కోణాలకు ఇంకో కొలత) ఉందేమో చూడండి. మా క్లాసులో సగం తప్పులు అక్కడే.

ఇక సమయం. దూరాన్ని విమానం వేగంతో, అంటే గంటకు 850 కి.మీ.తో, భాగించి వదిలేస్తే కుదరదు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి అరగంట కలపాలి. టికెట్ మీది సమయం గేటు నుంచి గేటుకు కాబట్టి నేల మీద పాకడానికి ఇంకో ఇరవై నిమిషాలు. లండన్ నుంచి పారిస్ 350 కి.మీ.; భాగిస్తే పాతిక నిమిషాలే, టికెట్‌లో మాత్రం గంటంబావు దాకా ఉంటుంది. న్యూయార్క్‌కు ఇదే లెక్కన ఏడు గంటల ఇరవై నిమిషాలు.

కానీ వెళ్లడానికి ఎనిమిది గంటలు, రావడానికి ఏడు గంటలు వేస్తారు. కారణం జెట్ స్ట్రీమ్, విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే గాలి. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేరింది. దూరప్రయాణమైతే తూర్పుకు అరగంట తగ్గించండి, పడమరకు అరగంట పెంచండి.

అయినా టికెట్‌తో గంటలకొద్దీ తేడా వస్తే దారి మూసి ఉందేమో ఆరా తీయండి. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా పదమూడు గంటలైంది. అలాంటిది ఏ సూత్రానికీ అందదు.

టికెట్ మీది గడియారాలు ఏ ఊరివి ఆ ఊరివే. లండన్‌లో ఉదయం 11కు బయల్దేరి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కు దిగితే మూడు గంటలు కాదు, కాలం తేడా ఐదు కలిపి ఎనిమిది. మార్చిలో వేసవి కోసం గడియారాలను గంట ముందుకు జరపడం అమెరికా ముందే చేస్తుంది, బ్రిటన్ నెలాఖరుకు చేస్తుంది. ఆ మధ్య రోజుల్లో ఐదుకు బదులు నాలుగే కలపాలి.