అత్తరులో తోలు వాసన కట్టడం: పాళ్లు, పద్ధతి

తోలు నుంచి తీసే సువాసన నూనె అంటూ ఏదీ లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడే మేకతోలును వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి, సాగదీసి ఆరబెడతారు. కొత్త చెప్పుల జతకుండే వాసన దానికి రాదు. మనకు తెలిసిన తోలు వాసనలో చాలా భాగం తోలును పదును (టానింగ్) చేసే సరుకు నుంచి వచ్చిందే. మన సీమలో తంగేడు చెక్కతో పదును చేసేవాళ్లు. రష్యాలో పదును చేసిన తోలుకు బర్చ్ చెట్టు తారునూనె పట్టించేవాళ్లు. అందుకే అత్తరులో ఈ వాసనను కొన్ని సరుకులు కలిపి కట్టుకోవాలి. బాగా కుదరడమూ చెడిపోవడమూ రెండింటి మోతాదు మీదే ఉంటుంది: ఐసోబ్యూటైల్ క్వినోలిన్ అనే కృత్రిమ సరుకు, బర్చ్ తారు.

ఐసోబ్యూటైల్ క్వినోలిన్ చాలా ఘాటైన సరుకు. సీసా మూత తీసి నేరుగా చూస్తే రబ్బరు, పచ్చి వేరు తప్ప ఇంకేమీ తెలియదు. తోలు గుణం బయటపడేది పలచన చేశాకే. ఒక గ్రాము సరుకుకు 9 గ్రాముల ఐపీఎం (ఐసోప్రొపైల్ మిరిస్టేట్, పలచన చేసే ద్రవం) కలిపి 10 శాతం ద్రావణం చేసుకోండి. బర్చ్ తారునూ ఇలాగే పలచన చేయండి. తారు విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ముడి బర్చ్ తారును పరిమళాల్లో వాడకూడదని ఇఫ్రా (అంతర్జాతీయ పరిమళ సంఘం) నియమం. శుద్ధి చేసినదానిలో కూడా కట్టె కాలినప్పుడు పుట్టే హానికరమైన రసాయనాలైన పీఏహెచ్‌లు తుది సరుకులో వందకోట్లలో ఒక వంతు మించకూడదు. తారు ఈ నియమానికి సరిపోతుందన్న పత్రం ఇవ్వలేని వ్యాపారి దగ్గర ఎంత చవకైనా కొనొద్దు.

పది గ్రాముల గాఢ మిశ్రమానికి పాళ్లు ఇవి. క్వినోలిన్ 10% ద్రావణం 0.40 గ్రా., బర్చ్ తారు 10% ద్రావణం 0.60, నాగరమోతా నూనె 0.50, సఫ్రలీన్ 10% ద్రావణం 0.50, ల్యాబ్డనమ్ (సిస్టస్ పొద నుంచి వచ్చే జిగురు) 50% ద్రావణం 1.50, పచౌలీ ఆకు నూనె 1.00, వట్టివేళ్ల నూనె 0.80, ఐసో ఈ సూపర్ (కట్టె వాసన ఇచ్చే కృత్రిమ సరుకు) 2.20, మిథైల్ అయోనోన్ 1.00, గలాక్సొలైడ్ (కృత్రిమ కస్తూరి) 50% ద్రావణం 1.50. నాగరమోతా మన తుంగముస్తల జాతిదే. పొగ, ఎండిన కట్టె కలిసిన దాని వాసన తారు మోతాదును తగ్గించుకోనిస్తుంది, అందుకే దాన్ని మానేయొద్దు. సఫ్రలీన్ కుంకుమపువ్వు ఛాయనిస్తుంది. మిథైల్ అయోనోన్ గరుకుతనాన్ని తగ్గించి మెత్తటి తోలు వైపు తిప్పుతుంది.

0.01 గ్రాము చూపే త్రాసు తప్పనిసరి. చుక్కలు లెక్కపెడితే కుదరదు, ఎందుకంటే ల్యాబ్డనమ్ చుక్కా ఐసో ఈ సూపర్ చుక్కా ఒకే బరువు తూగవు. ల్యాబ్డనమ్ గట్టిగా ఉంటే సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించి, బెంజైల్ బెంజోయేట్ అనే ద్రావకంలో సమపాళ్లుగా కలపండి. నేరుగా ఐపీఎంలో వేస్తే అడుగున జిగురులా ఉండిపోవచ్చు. మిగతా ద్రావణాలన్నీ ఐపీఎంలోనే ఉండాలి. డీపీజీలో (డైప్రొపైలీన్ గ్లైకాల్, పలచన చేసే మరో ద్రవం) పలచన చేసినవి మధ్యలో కలిపితే మబ్బుపట్టి రెండు పొరలుగా విడిపోయే ప్రమాదం ఉంది. ముందు ల్యాబ్డనమ్, పచౌలీ, వట్టివేళ్ల నూనె, తర్వాత తేలికవి, ఆఖరున క్వినోలిన్, తారు వేయండి. తారుకు వేరే పిపెట్ (ద్రవం తీసే సన్న గొట్టం) ఉంచుకోండి. ఒక్కసారి తారు తాకిన పిపెట్‌తో వేరే నూనె తీస్తే ఆ సీసా పాడైపోయినట్టే.

మిశ్రమాన్ని మూడు వారాలు చీకట్లో ఉంచండి. మొదటి రోజు తారు పొగలాగా తలెత్తి కనిపిస్తుంది కాబట్టి ఆ రోజే తీర్పు చెప్పొద్దు. తర్వాత 2 గ్రాముల మిశ్రమానికి 8 గ్రాముల ఐపీఎం కలిపి రోల్-ఆన్‌లో నింపండి. స్ప్రే చేయాలంటే ఇథనాల్ కావాలి, దానికి ఎక్సైజు అనుమతుల గొడవ ఉంటుంది. కర్నూలు, కడపల్లో అత్తరు కొనేవాళ్లలో చాలామంది నూనె రకమే అడుగుతారు కూడా.

మూడు వారాలయ్యాక కూడా కాలిన కట్టె, డాంబరు వాసన కొడుతుంటే తారు ఎక్కువైంది. రబ్బరు, తడి మట్టి కొడుతుంటే క్వినోలిన్ ఎక్కువైంది. అందరూ చేసే పొరపాటు, దాన్ని కప్పెట్టాలని వెనిల్లానో గులాబీనో పోయడం. అప్పుడు వాసన మీద వాసన పేరుకుంటుందే గానీ దోషం పోదు. పైన చెప్పిన పాళ్లలో క్వినోలిన్, తారు ద్రావణాలను వదిలేసి మిగతా 9 గ్రాములు మళ్లీ కలపండి. చెడినదాన్ని గ్రాము చొప్పున అందులో వేస్తూ, ప్రతిసారీ పది నిమిషాలు ఆగి కాగితపు పట్టీ మీద చూడండి. ముక్కు ఈ రెండు వాసనలకు త్వరగా అలవాటు పడిపోతుంది, ఆగకుండా చూస్తే అదనంగా వేసేస్తారు.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండకు చెమట పట్టిన ఒంటిమీద తోలు వాసన ముందుకు వచ్చేస్తుంది. ఆ నెలల కోసం చేసేదానిలో క్వినోలిన్ ద్రావణాన్ని 0.20కి, తారును 0.30కి తగ్గించి, ఆ లోటు ఐసో ఈ సూపర్‌తో నింపండి. తారు, ల్యాబ్డనమ్ రెండూ గోధుమ రంగువే. తెల్ల జుబ్బా మీద రాస్తే మరక పడుతుంది. అమ్మేముందు తెల్ల నూలు గుడ్డ మీద ఒక గీత గీసి, ఆరాక సబ్బుతో ఉతికి చూడండి. మరక నిలిస్తే చర్మానికి మాత్రమే అని సీసా మీద రాయాలి.