మూడు స్వరాలతో మొదలుపెట్టండి: బ్లూస్ హార్మోనికా సొంతంగా వాయించడం

స్కేల్ (స్వరాల వరుస) మొత్తం కంఠతా వచ్చాకే అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించాలని చాలామంది ఆగిపోతారు. మూడో రంధ్రంలో బెండ్, అంటే పీలుస్తూ స్వరాన్ని కాస్త కిందికి దించడం, కొంచెం పలకగానే మొదలుపెట్టమనే నేను నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు చెబుతాను. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలిస్తే మూడు స్వరాలతోనే వినేవాళ్ళను కట్టిపడేయొచ్చు.

మీ దగ్గర సి కీ హార్మోనికా, అంటే పది రంధ్రాలది, ఉందనుకుందాం. బ్లూస్‌కి దాన్ని జి కీలో వాయిస్తాం. దీన్నే సెకండ్ పొజిషన్ లేదా క్రాస్ హార్ప్ అంటారు. రెండో రంధ్రంలో గాలి పీలిస్తే వచ్చేదే మన ఆధార స్వరం. మూడు, నాలుగు రంధ్రాల్లో కూడా పీల్చండి, జి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) తయారవుతుంది.

ఈ మూడింట్లో మూడో రంధ్రం మీద ఎంతసేపు కూర్చున్నా తక్కువే. మామూలుగా పీలిస్తే బి పలుకుతుంది, అరస్వరం దించితే బి ఫ్లాట్. బ్లూస్ రంగు ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. పెదాలు బిగించకుండా, నోటి లోపల ‘ఈ’ నుంచి ‘ఊ’కి మెల్లగా మారుతూ పీల్చండి. సగంలో ఆపండి, అక్కడే నిలబెట్టండి, తర్వాత వదలండి. ఒక్కోసారి దించిన చోటి నుంచే మొదలుపెట్టి పైకి రండి. అదే రంధ్రం, కానీ మాట వేరుగా వినిపిస్తుంది.

ఇప్పుడు హార్మోనికా పక్కన పెట్టి నోటితో ఒక మాట అనండి: ‘వస్తానన్నావు, రాలేదే’. మళ్ళీ అదే అనండి. మూడోసారి దానికి ముగింపు: ‘తలుపు తీసే ఉంచాను తెల్లవార్లూ’. బ్లూస్ పాటల్లో తరచూ కనిపించే అల్లిక ఇదే. ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు. 12 బార్లలో ఒక్కో వాక్యానికి నాలుగు బార్లు. మొదటి రెండింట్లో మాట, తర్వాతి రెండింట్లో మౌనం లేదా చిన్న జవాబు. ఆ వాక్యం లయనే హార్మోనికాలోకి దించండి. ‘లే’ సాగేచోట మూడో రంధ్రం బెండ్ పెట్టి చూడండి, నేనేం చెబుతున్నానో చెవికి తెలుస్తుంది.

రెండో వాక్యం దగ్గర ఒక్క జాగ్రత్త. అయిదో బార్‌లో వెనక మోగే కార్డ్ సి కి మారుతుంది. అప్పుడు మూడో రంధ్రంలో బెండ్ లేని బి సాగదీస్తే చెవికి గుచ్చుకుంటుంది. దాన్ని పూర్తిగా బి ఫ్లాట్‌కి దించండి, లేదా నాలుగో రంధ్రంలో ఊది సి మీద వాలండి. ఏడో బార్‌లో మళ్ళీ జి. తొమ్మిదిలో డి వస్తుంది, నాలుగో రంధ్రం పీలిస్తే చాలు. పదిలో సి, పదకొండులో ఆధార స్వరానికి చేరుకోండి.

వాక్యాన్ని ప్రతిసారీ మొదటి దెబ్బ మీదే ఎత్తుకోకండి. ఒక దెబ్బ వదిలేసి అందుకుంటే వినేవాళ్ళు ముందుకు వంగుతారు. ఈ ఖాళీల విలువ తెలియాలంటే రెండో సనీ బాయ్ విలియమ్సన్ (అదే పేరున్న ఇద్దరు బ్లూస్ హార్మోనికా కళాకారుల్లో రెండో ఆయన) రికార్డులు వినండి. ఒక లైను పాడి, దానికి హార్మోనికాతో జవాబు చెబుతాడు, ఎక్కడా తొందరపడడు. నాకు వేగం కన్నా ఆ నిదానమే గొప్పగా అనిపిస్తుంది.

ఆ ఖాళీ మీ ఊపిరికీ అవసరమే. క్రాస్ హార్ప్‌లో పీల్చేవే ఎక్కువ కాబట్టి కాసేపటికి ఛాతీ నిండిపోయి, టెన్షన్‌తో స్వరం సన్నబడుతుంది. వాక్యం అయిపోగానే ముక్కుతో గాలి వదిలేయండి.

బ్యాకింగ్ ట్రాక్ (వెనక వాయిద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగ్) నెమ్మదిగా, నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేస్తూ వాయించండి. వినేటప్పుడు తప్పు స్వరాల సంగతి వదిలేసి, రెండో వాక్యం మొదటిదాన్ని గుర్తుచేస్తోందా లేదా అన్నదే చూడండి. అది కుదిరాక అయిదో రంధ్రం పీల్పు చేర్చండి. అక్కడ వచ్చే ఎఫ్ ప్రశ్నలా వేలాడుతుంది, ఆరో రంధ్రంలో ఊదితే పై జి దానికి జవాబు చెబుతుంది.