మాన్‌స్టర్ తయారీ, మూడో పాఠం: మారుమోతకు అంకెలు కట్టడం

రెండో పాఠం ముగిసేసరికి మన దగ్గరున్నది ఒక్క ఊహ. కళ్లు లేని రాతి జీవి ఒకటి పాడుబడ్డ కోటలో ఉంటుంది, చప్పుడును బట్టి వేటాడుతుంది. దానికి మారుమోత అని పేరు పెట్టుకున్నాం. ఈ పాఠంలో దాని స్టాట్ బ్లాక్, అంటే బలాబలాల అంకెల పట్టిక, రాద్దాం. లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆట ఐదో ఎడిషన్ 2014 నియమాల ప్రకారం. ఆడేది నలుగురు, అందరూ నాలుగో లెవెల్: ఫైటర్ (యోధుడు), రోగ్ (చాటుగా కొట్టేవాడు), విజార్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసేవాడు).

ఊహ ఎక్కడిదో హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు అవతల కొండ మీదున్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కావలివాళ్లు పైవాళ్లను హెచ్చరించడానికి చేసిన ఏర్పాటది. వీలైతే జనం పలచగా ఉన్నప్పుడు ఇద్దరు వెళ్లండి. ఒకరు కింద కొట్టాలి, ఒకరు పైన వినాలి. శబ్దం ఎక్కడ పుట్టిందో, ఎక్కడ వినబడిందో ఒంటికి తెలిస్తే, టేబుల్ దగ్గర దాన్ని వర్ణించడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు.

కొత్తగా మాన్‌స్టర్లు తయారుచేసేవాళ్లు ముందు హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటుందో), డ్యామేజీ (ఎంత దెబ్బ వేస్తుందో) రాసేసి, ఆ తర్వాత ఒక శక్తి తగిలిస్తారు. అలా పుట్టిన జీవితో యుద్ధం ఎలా సాగుతుందో చూడండి: ఫైటర్ కొడతాడు, అది కొడుతుంది, మళ్లీ ఫైటర్ కొడతాడు. చర్మం రంగు మార్చిన ఓగర్ (మొరటు రాక్షసుడు) అన్నమాట. ముందు రాయాల్సింది ఆటగాడి టర్న్‌ను (అతని వంతును) మార్చే నియమం. మామూలు యుద్ధంలో విజార్డ్ ఆలోచించేది ఏ మంత్రం వేయాలా అని. మారుమోత ఎదురుగా ఉంటే నోరు విప్పాలా వద్దా అని కూడా ఆలోచించాలి. ఆ ప్రశ్న అతని నోట వినిపించిందంటే మాన్‌స్టర్ పనిచేస్తున్నట్టే. అంకెలు దాని తర్వాతే.

ఆ నియమాన్ని చింతపిక్కలతో నడుపుదాం. ఓ గుప్పెడు డీఎం (ఆట నడిపేవాడు) దగ్గర పెట్టుకోండి. పాత్ర చప్పుడు చేసిన ప్రతిసారీ ఆ ఆటగాడి ముందు ఒక పిక్క పెట్టాలి. చప్పుడు అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి, లేకపోతే యుద్ధం మధ్యలో వాదనలు మొదలవుతాయి. నోటితో పలికే భాగమున్న మంత్రం వేస్తే ఒకటి. లోహపు ఆయుధంతో కొట్టిన దెబ్బ తగిలితే ఒకటి. గట్టిగా అరిస్తే ఒకటి. ఎన్ని చేసినా ఒక టర్న్‌లో ఒక పిక్కే. మూడు వందల అడుగుల దాకా వినబడే థండర్‌వేవ్ లాంటి మంత్రానికి మాత్రం రెండు. బాణానికి పిక్క లేదు, ఎందుకంటే చప్పుడు తగిలిన చోట పుడుతుంది, వేసిన చోట కాదు. ఒక టర్న్ మొత్తం మౌనంగా గడిపితే ఒక పిక్క వెనక్కి ఇచ్చేయాలి. ఎవరి ముందూ మూడుకు మించి ఉండకూడదు. ఆ మూడు ఎందుకో కాసేపట్లో లెక్కతో చూద్దాం.

ఒక జాగ్రత్త. మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో శనివారం సాయంత్రం కేఫెలో ఆడితే చుట్టూ గోల ఉంటుంది. ఆటగాళ్లు తమలో తాము తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆ మాటలకు పిక్క పెట్టకండి. పాత్ర నోటి నుంచి వచ్చిందే లెక్క. ఆటగాడి నోరు కట్టేస్తే రెండో రౌండ్‌కే (అందరి టర్న్ ఒకసారి అయితే ఒక రౌండ్) టేబుల్ చప్పబడిపోతుంది.

ఇప్పుడు అంకెలు. ఎక్కువమంది సీఆర్ (చాలెంజ్ రేటింగ్, మాన్‌స్టర్ ఎంత కష్టమో చెప్పే అంకె) పట్టికతో మొదలుపెడతారు. నా సలహా, మీ జట్టుతో మొదలుపెట్టండి. వాళ్లు ఒక రౌండ్‌లో ఎంత కొడతారో కాగితం మీద వేయండి. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 14 అనుకుందాం. దాడికి +6 ఉన్నవాడు డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేయాలి, అంటే 20కి 13 అవకాశాలు, 65 శాతం. ఫైటర్ పొడవు కత్తి దెబ్బ సగటు 10.5 (డ్యూయలింగ్ అనే పోరాట శైలి లాభం కలిపి). అందులో 65 శాతం, దాదాపు 7. రోగ్ చిన్న విల్లు, స్నీక్ అటాక్ (అదనపు చాటు దెబ్బ) కలిపి 14.5, చేతికొచ్చేది 9కి పైగా. విజార్డ్ ఫైర్ బోల్ట్ వేస్తే మూడున్నర, స్కార్చింగ్ రే వేస్తే 13 దాటుతుంది. క్లెరిక్ సేక్రెడ్ ఫ్లేమ్‌తో మూడు, స్పిరిచువల్ వెపన్ తోడైతే ఎనిమిది. మొత్తం కూడితే, మంత్రాల స్లాట్లు (పెద్ద మంత్రాల కోటా) దాచుకున్న రౌండ్‌లో 23 దాకా, ఖర్చుపెట్టిన రౌండ్‌లో 38 దాకా వస్తుంది. సగటున 30 అనుకోండి.

మంచి యుద్ధం మూడు నుంచి ఐదు రౌండ్లు నడవాలి. రెండు రౌండ్లలో తేలిపోతే మాన్‌స్టర్ ప్రత్యేకతేమిటో ఎవరికీ తెలియకుండానే అది చచ్చిపోతుంది. ఏడెనిమిది రౌండ్లు సాగితే ఆటగాళ్లు ఫోన్లు తీస్తారు. మనకు నాలుగు రౌండ్లు కావాలి. నాలుగు ముప్పైలు 120.

ఆ 120ని పాచికల్లోకి మార్చాలి. హిట్ డైస్ (హిట్ పాయింట్లు తేల్చే పాచికలు) జీవి పరిమాణాన్ని బట్టి ఉంటుంది: మీడియం అయితే డీ8, లార్జ్ అయితే డీ10, హ్యూజ్ అయితే డీ12. మారుమోత లార్జ్. డీ10 సగటు 5.5. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) 16 ఇస్తే ఒక్కో పాచికకు +3, మొత్తం 8.5. పద్నాలుగు పాచికలు వేస్తే 119. స్టాట్ బ్లాక్‌లో 119 (14డీ10+42) అని రాస్తాం. ఐదో ఆటగాడు చేరితే మూడు పాచికలు కలపండి, 25 హిట్ పాయింట్లు పెరుగుతాయి. అంతకంటే వేరే మార్పు అక్కర్లేదు.

ఆర్మర్ క్లాస్‌ను మాత్రం పెంచొద్దు. రాతి జీవి కదా అని 17 ఇస్తే ఆటగాళ్ల అవకాశం 65 నుంచి 50 శాతానికి పడిపోతుంది, నాలుగు రౌండ్ల యుద్ధం ఐదు దాటుతుంది. పైగా టర్న్ కోసం అంతసేపు ఎదురుచూసి గురి తప్పినవాడికి ఆ టర్న్‌లో ఏమీ జరగనట్టే. గట్టితనం చూపించాలంటే హిట్ పాయింట్లతో చూపించండి. దెబ్బ తగిలిందని, పెళ్ల రాలిందని వర్ణించే వీలుంటుంది.

ఇంకో ఆశ, మామూలు ఆయుధాల మీద రెసిస్టెన్స్ (డ్యామేజీ సగమే తగలడం) ఇవ్వాలనిపించడం. సీఆర్ 1 నుంచి 4 మధ్య జీవికి ఇలాంటి రెసిస్టెన్స్ ఇస్తే హిట్ పాయింట్లను రెట్టింపుగా లెక్కించాలి. మన 119 కాస్తా 238 అవుతుంది. పట్టికలో అవి సీఆర్ 12 జీవి హిట్ పాయింట్లు. మాయా కత్తి దొరకని ఫైటర్ ఆ పూటంతా సగం మనిషే. గ్రానైట్‌తో చేసినదైనా సరే, ఇవ్వకండి.

దాడి సంగతి. స్ట్రెంగ్త్ 17 అంటే +3, ప్రొఫిషియెన్సీ (నైపుణ్యం) +2, మొత్తం +5. టర్న్‌కు రెండు గుద్దులు. మొదట ఒక్కో గుద్దు 2డీ8+3 అనుకుందాం, సగటు 12, రెండూ కలిపి 24. దీంతోపాటు అసలు శక్తి ఉంది. పేరు తిరుగుమోత. తాను మింగిన చప్పుళ్లన్నీ ఒక్కసారిగా వదులుతుంది. అరవై అడుగుల లోపల పిక్కలున్న ప్రతివాడూ కాన్‌స్టిట్యూషన్ సేవ్ (తప్పించుకునే పాచిక) వేయాలి, డీసీ, అంటే చేరాల్సిన అంకె, 13 (8కి ప్రొఫిషియెన్సీ 2, కాన్‌స్టిట్యూషన్ 3 కలిపితే). తప్పితే పిక్కకు 2డీ6 చొప్పున థండర్ డ్యామేజీ, గట్టెక్కితే సగం. ఆ తర్వాత పిక్కలన్నీ డీఎం దగ్గరకు వచ్చేస్తాయి. ఒకసారి వాడాక, తన ప్రతి టర్న్ మొదట్లో డీ6 వేసి 5 గానీ 6 గానీ పడితేనే మళ్లీ సిద్ధం.

సీఆర్ లెక్కకు మూడు రౌండ్ల సగటు డ్యామేజీ తీసుకోవాలి. గుంపు మీద పడే శక్తికి ఇద్దరు దొరికారని, ఇద్దరూ సేవ్ తప్పారని అనుకోవాలి. ఒక్కొక్కరి దగ్గర రెండేసి పిక్కలుంటే 14 చొప్పున 28. మిగతా రెండు రౌండ్లు 24 చొప్పున. సగటు 25 పైచిలుకు. సీఆర్ 3కి పట్టిక చెప్పేది 21 నుంచి 26, సీఆర్ 4కి 27 నుంచి 32. అంటే దాడిలో 3, రక్షణలో 4. గుద్దును 2డీ10+3 చేస్తే సగటు 14, రెండూ 28. మూడు రౌండ్లూ 28 అయ్యాయి. ఆర్మర్ క్లాస్ 14, దాడికి +5, హిట్ పాయింట్లు 116 నుంచి 130 అని పట్టిక సీఆర్ 4కి చెప్పినవన్నీ కుదిరాయి. డీసీ ఒకటి తక్కువ, దానితో ఇబ్బంది లేదు. సీఆర్ 4 అంటే 1100 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు). యుద్ధం కష్టాన్ని బట్టి మన నలుగురికి మీడియం హద్దు 1000, హార్డ్ 1500 కాబట్టి ఇది మీడియం యుద్ధం. స్లాట్లు సగం ఖర్చయిన సాయంత్రం అయితే హార్డ్‌గా అనిపిస్తుంది.

పట్టికతో సరిపోయింది కదా అని ఇక్కడితో వదిలేస్తే విజార్డ్ చస్తాడు. నాలుగో లెవెల్ విజార్డ్‌కు కాన్‌స్టిట్యూషన్ +2 ఉంటే 26 హిట్ పాయింట్లు. రెండు గుద్దులూ అతని మీదే తగిలితే 28. ఏ తప్పూ చేయకుండానే, ఒక్క టర్న్‌లో నేలమీద. అందుకే ఒక వాక్యం చేర్చాలి: రెండు గుద్దులూ ఇద్దరు వేర్వేరు లక్ష్యాల మీదే. అందుబాటులో ఒక్కరే ఉంటే గుద్దు ఒక్కటే. దీంతో ఫైటర్ ఒంటరిగా ఎదురు నిలబడటం అందరినీ కాపాడే ఎత్తుగడ అవుతుంది. పిక్కల హద్దు మూడు కావడానికి కారణమూ విజార్డే. మూడు పిక్కలు 6డీ6, సగటు 21. 26 ఉన్నవాడు వణుకుతాడు గానీ నిలబడతాడు. హద్దు ఐదైతే సగటు 35, ఫైటర్‌కు ఉండేదే 36.

ఇంద్రియాల విషయం స్పష్టంగా రాయండి. బ్లైండ్‌సైట్ (చూపు లేకుండా పసిగట్టడం) పది అడుగులు. అంతకు మించిన దూరంలో, తన కిందటి టర్న్ తర్వాత చప్పుడు చేసినవాడు మాత్రమే దానికి తెలుస్తాడు. థండర్ డ్యామేజీ పనిచేయదు, బ్లైండెడ్ కండిషన్ అంటదు. డెఫెన్‌డ్ (చెవిటి) అయితే మాత్రం పది అడుగుల అవతల దానికి ప్రపంచమే లేదు. డెక్స్‌టెరిటీ 8, ఇనిషియేటివ్ (ఎవరి టర్న్ ముందో తేల్చే అంకె) -1. ఈ మందకొడితనం కావాలనే పెట్టింది. సాధారణంగా చివర్లో వస్తుంది కాబట్టి అప్పటికే ఆటగాళ్ల ముందు పిక్కలుంటాయి.

మొదటి టర్న్‌లోనే తిరుగుమోత వాడేయండి. చాలామంది దగ్గర ఒక్కో పిక్కే ఉంటుంది, తగిలేది ఏడు. కొద్దిపాటి నొప్పితో నియమం అందరికీ తెలిసిపోతుంది. రెండో రౌండ్‌లో తమ ముందు పడే ప్రతి పిక్కనూ వాళ్లు వేరే కళ్లతో చూస్తారు. దీన్ని మూడో రౌండ్ దాకా దాచి, మూడు పిక్కలతో ఒక్కసారి పేల్చాలని డీఎంకు అనిపిస్తుంది. అలా చేస్తే ఆటగాళ్లకు ఇదంతా మోసంగా కనిపిస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక మీ జట్టు మంత్రాల జాబితా ముందేసుకుని, మారుమోతను ఏది చిత్తు చేస్తుందో వెతకండి. ముఖ్యమైనవి మూడు. సైలెన్స్: ఇరవై అడుగుల వ్యాసార్ధంలో శబ్దమే ఉండదు, లోపల పూర్తిగా ఉన్నవాళ్లకు థండర్ డ్యామేజీ తగలదు. క్లెరిక్ రెండో లెవెల్ స్లాట్, కాన్‌సెంట్రేషన్ (మంత్రాన్ని నిలిపే ఏకాగ్రత) రెండూ పెడుతున్నాడు, పనిచేయనివ్వండి. మారుమోత లోపల చిక్కుకుంటే బయటికి నడిచి వస్తుంది, అంతే. బ్లైండ్‌నెస్/డెఫ్‌నెస్: సేవ్ తప్పితే చెవిటిదవుతుంది, ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్. ఇది జట్టుకు దక్కాల్సిన గెలుపు, అడ్డుపడొద్దు. మూడోది మైనర్ ఇల్యూజన్. ఈ క్యాంట్రిప్‌కు (స్లాట్ ఖర్చుకాని చిన్న మంత్రం) నోటితో పలికే భాగం లేదు, ముప్పై అడుగుల లోపల ఎక్కడైనా శబ్దం పుట్టించవచ్చు. విజార్డ్ పిక్క పడకుండా అవతలి మూలన అరుపు పుట్టిస్తే మారుమోత అటు వెళ్లిపోతుంది. అతని యాక్షన్ ఖర్చయింది కాబట్టి బేరం సరిపోయింది. మాన్‌స్టర్‌ను కాపాడుకోవాలని అప్పటికప్పుడు కొత్త ఇమ్యూనిటీలు కనిపెట్టే డీఎం, ఆటగాడు బుర్రపెట్టినందుకు శిక్ష వేసినట్టే.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. ఆటగాళ్ల షీట్లు నకలు తీసుకుని, మీరొక్కరే కూర్చుని మూడు రౌండ్లు ఆడండి. మొదట అందరూ గోలగా, తర్వాత అందరూ మౌనంగా. గోలగా ఆడినప్పుడు ఎవరైనా రెండో రౌండ్‌లోనే పడిపోతే పిక్కకు 2డీ6 బదులు 1డీ8 చేయండి. మౌనంగా ఆడినప్పుడు మారుమోత ఎవరినీ అందుకోలేకపోతే బ్లైండ్‌సైట్‌ను పదిహేను అడుగులు చేయండి. రెండూ ఒకేసారి మార్చొద్దు, దేనివల్ల ఏం మారిందో తెలియదు. మీ టర్న్ ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. నిమిషం దాటుతుంటే పిక్కల నియమంలో థండర్‌వేవ్ మినహాయింపును కొట్టేయండి, ముందు బరువు తగ్గేది అక్కడే. నాలుగో పాఠంలో కోట పటం గీద్దాం: కింద చప్పట్ల గుమ్మటం, పైన అది వినిపించే మండపం, మధ్యలో మెట్లు.