గోదావరిలో ఇసుక పడవ నడపాలంటే దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

రాజమహేంద్రవరం, కొవ్వూరు ర్యాంపుల్లో (పడవల్లోంచి ఇసుక దించే రేవుల్లో) కొత్తగా పడవ దింపేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక్క దగ్గరే. పడవకు కాగితాలుంటే చాలు, ఇసుక తెచ్చుకోవచ్చనుకుంటారు. పడవ అనుమతి వేరు, ఇసుక అనుమతి వేరు.

ముందు పడవ సంగతి. ఇంజిన్ పడవలకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వర్తిస్తుంది. మొదట సర్వేకి దరఖాస్తు పెట్టాలి. లారీకి ఫిట్‌నెస్ ఎలాగో పడవకు సర్వే అలాగ. సర్వేయర్ వచ్చేలోగా పడవ ఖాళీ చేసి, అడుగున నిలిచిన నీళ్లు తోడేసి, శుభ్రంగా కడిగి ఉంచండి. మూలల్లో తడి ఇసుక పేరుకుపోతే కింద అతుకులు, తుప్పు కనిపించవు. ఆ తుప్పే రేపు నడి గోదావరిలో ప్రాణం మీదికి తెస్తుంది.

సర్వే సర్టిఫికెట్ చేతికొచ్చాక, దాన్నీ, పడవ మీ సొంతమని చూపే బిల్లునో కొనుగోలు పత్రాన్నో జతచేసి రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేయాలి. వచ్చిన నంబరు పడవ మీద స్పష్టంగా రాయించాలి. బీమా తప్పనిసరి. సరంగుకి (పడవ నడిపే పెద్దకి), ఇంజిన్ డ్రైవర్‌కి అర్హత సర్టిఫికెట్లు ఉండాలి. తర్వాత ఇంజిన్ మార్చినా, పడవ కొలతలు మార్చినా రిజిస్ట్రారుకు తెలపాలి.

లోడు దగ్గర మాత్రం మొహమాటపడకండి. ఘనమీటరు తడి ఇసుక దాదాపు రెండు టన్నులు తూగుతుంది. పొడి ఇసుక లెక్కన నింపితే పడవ అంచు నీటికి ఆనుకుంటుంది. ఇంకో నాలుగు బకెట్లు వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఇక ఇసుక. ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన పూడికతీత పాయింట్లలో, అంటే నదిలో మేటవేసిన ఇసుక తీసే చోట్ల, బోట్స్‌మెన్ సొసైటీల (పడవల వాళ్ల సంఘాల) ద్వారా పని జరుగుతుంది. పాయింట్ల వ్యవహారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా ఇసుక కమిటీ చూస్తుంది. కాబట్టి ముందు సొసైటీ కార్యదర్శిని కలిసి సభ్యత్వం అడగండి. రిజిస్ట్రేషన్, బీమా నకళ్లతో పాటు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మునిగి బకెట్లతో తీసే పనివాళ్ల బదులు డ్రెడ్జర్ పెడితే కేసే. వంతెనలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదు.

పల్లపు స్థలం మెరక చేసుకోవడానికి ఇసుక పోయమని అడిగేవాళ్లు చాలామంది. 2024 జూలై 8 నుంచి అమల్లో ఉన్న ఉచిత ఇసుక విధానంలో ఇసుక నిర్మాణానికే. మెరకకు వాడినా, తిరిగి అమ్మినా, రాష్ట్రం దాటించినా జరిమానా పడుతుంది. అలాంటి లోడు ఒప్పుకోకండి.