డయాలసిస్ మనిషికి మనసు తోడు

కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తం శుభ్రం చేసే మిషన్ పక్కన పడుకునే మనిషికి ‘ధైర్యంగా ఉండు’ అంటే సరిపోదు. ఇలా అడగండి: ఈ 2 వారాల్లో దిగులుగా గడిచినవి ఎన్ని రోజులు? దేనిమీదా ఆసక్తి లేనివి ఎన్ని? సగానికి మించితే డాక్టరుకు చెప్పండి. నీరసం, నిద్రలేమి కిడ్నీ జబ్బువల్లా వస్తాయి. దిగులు వాటిచాటున దాక్కుంటుంది.

డయాలసిస్‌లో ఉన్నవాళ్లు నీళ్లు కొలిచి తాగాలి, అందుకే ఇళ్లలో అసలు తగువు నీళ్ల దగ్గరే. డాక్టరు చెప్పిన రోజువాటాను పొద్దున్నే సీసాలో కొలిచి రోగి చేతికే ఇచ్చేయండి. టీ, మజ్జిగ, చారు తాగితే సీసాలోంచి అంత నీరు తీసేయాలి. ఇక కాపలా మానండి.

డయాలసిస్ అయిన సాయంత్రం ఒళ్లు తేలిపోతుంటుంది, డబ్బు లెక్కలు ఎత్తొద్దు.

‘ఇక డయాలసిస్‌కు రాను’ అంటే అలక అనుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా, తెలుగులోనే మాట్లాడొచ్చు.