ల్యాండింగ్‌లో విమానం ఎగిరిపడితే: శిక్షణలో ఉన్న పైలట్లకు సూచనలు

శిక్షణ విమానం రన్‌వేను కాస్త గట్టిగా తాకినంత మాత్రాన సాధారణంగా ప్రమాదం జరగదు. ఆ తాకిడికి ఎగిరిపడిన విమానాన్ని ఎలాగైనా దించాలన్న ఆత్రంతో యోక్‌ను (విమానం ముక్కును దించే, లేపే చుక్కానిని) ముందుకు తోసినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది. శిక్షణలో వాడే చిన్న విమానం సెస్నా 172లో ముందు చక్రం గరిమనాభికి (బరువు కేంద్రానికి) ముందు ఉంటుంది కాబట్టి, అది మొదట నేలను తాకితే ముక్కు పైకి లేస్తుంది, గాలికి రెక్క ఎదురు నిలిచే కోణం పెరుగుతుంది, విమానం మళ్లీ గాలిలోకి లేస్తుంది. అప్పుడు ముక్కు దించితే రెండోసారి కూడా ముందు చక్రమే, మరింత బలంగా నేలను తాకుతుంది. పోర్పాయిజింగ్ అనే ఈ ఊగిసలాట ఒక్కో తాకిడికీ పెరుగుతూ పోయి, చివరికి నోస్ గేర్ (ముందు చక్రపు కాలు) విరుగుతుంది, ప్రొపెల్లర్ రన్‌వేను కొడుతుంది, గేర్ బిగించి ఉన్న ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) ముడతలు పడుతుంది.

దీనికి మూలం తరచుగా అప్రోచ్‌లోనే, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చే దశలోనే ఉంటుంది. 65 నాట్లతో రావలసిన చోట 75 నాట్లతో వస్తే విమానంలోని గతిశక్తి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఆ శక్తి కరిగేదాకా విమానం నేలను తాకకుండా రన్‌వే మీద తేలుతూనే ఉంటుంది, ఓపిక నశించిన విద్యార్థి దాన్ని బలవంతంగా దించబోతాడు. ఫైనల్‌లో (రన్‌వేకు ఎదురుగా వచ్చే చివరి దశలో) వేగం కుదరకపోతే అక్కడే గో అరౌండ్ చేయాలి, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లాలి. ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తే దశలో) చూపును ముక్కు ముందున్న నేల మీద కాక రన్‌వే దూరపు చివర మీద నిలపాలి. దగ్గరి నేలను చూస్తే ఎత్తు అంచనా తప్పుతుంది. తొలి సోలోకు (ఒంటరిగా నడిపే ప్రయాణానికి) వెళ్లేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయాక విమానం తేలికవుతుంది, అలవాటైన వేగంతోనే వచ్చినా ఎక్కువ దూరం తేలుతుంది.

ఎగిరిపడిన ఎత్తు స్వల్పమైతే ముక్కును ల్యాండింగ్ భంగిమలోనే నిలిపి, కొద్దిగా పవర్ ఇచ్చి, ప్రధాన చక్రాల మీద మెల్లగా దిగనివ్వాలి. ఎత్తు ఎక్కువైనా, విమానం పక్కకు జారుతున్నా, రెండోసారి ఎగిరినా, ఇక ఆ ల్యాండింగ్‌ను కాపాడుకునే ప్రయత్నం వద్దు. థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. కార్బ్యురేటర్ ఉన్న మోడల్ అయితే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడిగాలి పంపే ఏర్పాటు) ఆపాలి. ఫ్లాప్స్‌ను (రెక్కల వెనుక అంచున కిందికి దించే పలకలను) మొదట 20 డిగ్రీలకే తగ్గించాలి, ఎందుకంటే ఒక్కసారిగా మొత్తం ఎత్తేస్తే విమానం కుంగిపోతుంది. అప్రోచ్‌కు సరిచేసిన ట్రిమ్ (యోక్ మీద ఒత్తిడి తగ్గించే అమరిక) వల్ల ఫుల్ పవర్‌తో ముక్కు విపరీతంగా పైకి లేస్తుంది, ఎడమకు తిరుగుతుంది కూడా. కాబట్టి యోక్ మీద ముందుకు ఒత్తిడి, కుడి రడ్డర్ (ముక్కును కుడికి తిప్పే పెడల్) రెండూ వెంటనే కావాలి. సెస్నా 172లోని ఎస్ మోడల్ అయిన 172ఎస్‌లో 60 నాట్ల వద్ద క్లైంబ్ (పైకి ఎక్కడం) కుదిరాక మిగిలిన ఫ్లాప్స్ దశలవారీగా తీయాలి. రేడియోలో చెప్పడం ఆ తర్వాతే.

వేసవిలో హైదరాబాద్‌లో ఈ క్లైంబ్ నెమ్మదిగా ఉంటుందని ముందే అనుకోవాలి. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టం నుంచి ఎత్తు సుమారు 1,740 అడుగులే అయినా, 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి విమానం 5,000 అడుగుల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. మీటర్ మీద వేగం సరిగ్గానే ఉన్నా నేల వేగంగా పరుగెడుతున్నట్టు కనబడుతుంది. దాన్ని చూసి వేగం తగ్గించకూడదు.

గేర్ విరిగి విమానం ఆగిపోతే మిక్చర్ మీటను (ఇంజిన్‌కు ఇంధనం ఆపేదాన్ని) పూర్తిగా లాగి, ఫ్యూయల్, ఇగ్నిషన్, మాస్టర్ స్విచ్ ఆపి, ప్రొపెల్లర్‌కు దూరంగా వెనుక వైపు నడిచి వెళ్లాలి. మనుషులను కాపాడడానికో మంటలు ఆర్పడానికో తప్ప శకలాలను కదిలించకూడదు. మన దేశంలో ఇటువంటి ప్రమాదాల దర్యాప్తు ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో) పరిధిలోకి వస్తుంది.

విమానం తిన్నగా ఆగి, బయటికి ఏమీ కనబడకపోయినా, గట్టి తాకిడి సంగతి ఇన్‌స్ట్రక్టర్‌కూ ఇంజినీర్‌కూ చెప్పి తీరాలి. ఫైర్‌వాల్ మీది ముడత, రివెట్ల చుట్టూ చిట్లిన పెయింట్, ప్రొపెల్లర్ కొసన చిన్న గీత వంటివి నడిచి వెళ్తూ చూస్తే దొరకవు. ప్రొపెల్లర్ నేలకు తగిలితే ఇంజిన్ విప్పి చూడవలసిందే. తిట్లు పడతాయన్న భయంతో విద్యార్థి నోరు మెదపకపోతే, అదే విమానాన్ని తర్వాతి గంటలో మరొక విద్యార్థి ఒంటరిగా తీసుకువెళ్తాడు. అందువల్ల హార్డ్ ల్యాండింగ్ తనిఖీ పూర్తయి, ఇంజినీర్ లాగ్‌బుక్‌లో సంతకం చేసేదాకా ఆ విమానం హ్యాంగర్ దాటకూడదు.